గ్యాస్ పైపు పక్కన కన్నం

నవంబరు రెండో ఆదివారం మధ్యాహ్నం, రేణు తన వంటింట్లో టీ పెడుతుండగా, నేను వాళ్ళ గరాజ్ పక్కన నిలబెట్టిన క్యాంపింగ్ ట్రైలర్‌లో మోకాళ్ళ మీద వంగి, నా చేత్తో కుక్కిన స్టీల్ పీచును నా చేత్తోనే పీకేశాను.

సీటు చెక్క ఎత్తితే, గ్యాస్ పైపు కింద నుంచి లోపలికి వచ్చే చోట ఉంటుంది ఆ కన్నం. నా చూపుడువేలు పడుతుంది. చిట్టెలుకకి అంత కూడా అక్కర్లేదు, పెన్సిల్ దూరేంత సందు చాలు. పీకిన పీచును స్వెట్టర్ జేబులో వేసుకున్నాను. సీటు చెక్క ఎప్పటిలాగే మూసేశాను. తర్వాత వెళ్ళి రేణు ఇచ్చిన టీ తాగాను.

“అన్నీ చూసినవా?” అంది రేణు.

“చూశాను.”

చలికాలానికి ట్రైలర్‌ని మూసేముందు చేయాల్సిన పనుల కాగితం ఒకటి ఉంది మా దగ్గర. నీళ్ళ గొట్టాలు ఖాళీ చేశామా, బ్యాటరీ తీశామా, తిండి వస్తువులు దించేశామా, కన్నాలు మూశామా. చివరిదాని పక్కన నేనే టిక్ పెట్టి సంతకం చేశాను.

నేను ధైర్యం గల మనిషిని కాదు. స్కూల్ బస్సు ఐదు నిమిషాలు ఆలస్యమైతే పోలీసుల నంబరు సగం నొక్కి పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడేదాన్ని. చదివింది ఇంటర్ వరకే అయినా ఫోన్‌లో జబ్బుల గురించి వచ్చేవన్నీ వదలకుండా చదువుతాను. మా ఆయన శశికాంత్ దగ్గితే ఆయన గుండె గురించి ఆలోచిస్తాను. అటువంటిదాన్ని ఎలుకలకి దారి ఇచ్చానంటే, రేణు నన్ను ఎంత దూరం తోసిందో మీరే అర్థం చేసుకోవాలి.

మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో మూడు కుటుంబాలం కలిసి కొన్నాం ఆ ట్రైలర్‌ని, కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. మేము, రేణు–నీరజ్ వాళ్ళు, అవని–తేజేశ్వర్ వాళ్ళు. ముగ్గురికీ ఒకే క్లాసు ఆడపిల్లలు. మా హాసిని, రేణు కూతురు ఇషా, అవని కూతురు దేదీప్య. వేసవిలో ఉత్తరాన సరస్సుల దగ్గరికి తీసుకెళ్ళడం, చలికాలం ఒక్కో ఏడాది ఒక్కో ఇంటి దగ్గర పెట్టుకోవడం మా ఒప్పందం. మొదటి చలికాలం మా వంతు వచ్చింది.

ఆ ఏడాది నాకు తెలిసినంతలో జాగ్రత్తగానే చేశాను. బిస్కెట్ పొడి కూడా లేకుండా ఊడ్చి, ప్రతి అరలో కలరా ఉండలు పెట్టాను. మా అమ్మ బీరువాల్లో అవే పెట్టేది. ఎలుకలు వాటిని లెక్కచేయవని నాకు తెలియదు.

మే నెలలో మొదటి క్యాంపింగ్‌కి వెళ్ళాం. రేణు స్పూన్ల సొరుగు లాగింది. అందులోంచి ఒక ఎలుక ఆమె మణికట్టు మీదకి దూకి, మోచేతి దాకా పాకి, కిందపడి పారిపోయింది. ఆమె అరుపుకి పక్క టెంట్ల తెల్లవాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు. ఆ అరుపుకి నేను తప్పు పట్టను. తర్వాత అన్నదానికే.

“ఏందే ఛాయా, ఇంట్ల ఎలుకల్ని సాకుతున్నవా? మాకు కూడ పంపినవ్?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడితో అయిపోతుందనుకున్నాను.

అవలేదు. జూన్‌లో అవని వాళ్ళింట్లో భోజనాలకి నేను పట్టుకెళ్ళిన పులిహోర ట్రే మూత తీసినవాళ్ళెవరూ లేరు. “ఛాయా వాళ్ళ కిచెన్ ఒకసారి చూడాలె మీరు” అని రేణు ఎవరితోనో అంటుంటే నేను పక్క గదిలో చెప్పులు వేసుకుంటున్నాను. నేను రోజుకి రెండుసార్లు స్టవ్ తుడుస్తాను. బియ్యం డబ్బా అడుగున కూడా కాగితం మారుస్తాను. అది ఎవరికి చెప్పుకోను?

అయినా నన్ను అన్నంతవరకు ఓర్చుకునేదాన్నే. పిల్లలు ముగ్గురూ శుక్రవారం శుక్రవారం ఒక్కో ఇంట్లో పడుకునేవాళ్ళు. మా ఇంటి వంతు వచ్చినప్పుడు ఇషాకి జ్వరం అన్నారు. తర్వాత వంతుకి దేదీప్యకి డాన్స్ క్లాస్ అన్నారు. ఆగస్టు వచ్చేసరికి మిగతా ఇద్దరే కలుస్తున్నారని తెలిసింది.

“ఇట్స్ ఓకే అమ్మా” అంది హాసిని. “ఇషా వాళ్ళ మమ్మీ మన హౌస్‌లో మైస్ ఉన్నాయని చెప్పింది. నేను లేవు అని చెప్పా. దే జస్ట్ లాఫ్డ్.”

“ఎవరు నవ్వారు?”

“ఎవ్రీబడీ. బస్‌లో.”

ఆ శుక్రవారం సాయంత్రం అది తన స్లీపింగ్ బ్యాగ్ తెచ్చి మా హాల్లో పరుచుకుని, టార్చ్ పక్కన పెట్టుకుని, ఒక్కతే పడుకుంది. పదకొండేళ్ళ పిల్ల. నేను వంటింట్లోంచి చూస్తూ నిలబడ్డాను. అప్పుడే అనుకున్నాను, రేణుకి ఇది తిరిగి ఇవ్వకుండా వదలనని.

వేసవంతా నేనొక్కదాన్నే ఆ ట్రైలర్ శుభ్రం చేశాను. ఎలుక పెంటికల దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయని చదివి, మాస్క్ పెట్టుకుని, బ్లీచ్ నీళ్ళు చల్లి, నాననిచ్చి తుడిచాను. కింద పడుకుని టార్చ్ వేసి వెతికితే పదకొండు కన్నాలు దొరికాయి. అన్నిట్లోనూ స్టీల్ పీచు కుక్కి, పైన ఉబ్బి గట్టిపడే స్ప్రే ఫోమ్ కొట్టాను. ఎలుక పళ్ళకి ఇనుము తెగదు. గ్యాస్ పైపు పక్కన మాత్రం ఫోమ్ కొట్టొద్దన్నాడు శశికాంత్, రేపు పైపు మార్చాల్సి వస్తే ఇబ్బందని. అక్కడ ఉత్త పీచే ఉంచాను. అందుకే అది అంత తేలిగ్గా ఊడి వచ్చింది.

రేణు వంతు చలికాలం అలా మొదలైంది.

డిసెంబరంతా బాగానే గడిచింది. మంచు పడిన ప్రతి ఉదయం, బయట చలికి ఎలుకలు ఎక్కడ తలదాచుకుంటాయా అని ఆలోచించుకుంటూ టీ తాగేదాన్ని. రండి అమ్మా, తినండి, అని మనసులోనే పిలిచేదాన్ని. పరుపులు తినండి, సీట్లు తినండి, రేణు పొగరు దొరికితే అది కూడా తినండి. మే నెలలో ఆమె అదే సొరుగు అందరి ముందూ లాగుతుంది. అప్పుడు నేను అనాల్సిన మాట కూడా తయారుగా పెట్టుకున్నాను.

జనవరిలో ఒకరోజు అన్నం తింటూ శశికాంత్ తన ఆఫీస్‌లో ఎవరి సంగతో చెప్పాడు. ఆ మనిషి ట్రైలర్‌లో ఎలుకలు వైర్ల మీది తొడుగు కొరికేశాయట. వసంతంలో స్విచ్ వేయగానే పొగ వచ్చిందట.

“ఇల్లు అంటుకుందా?” అన్నాను.

“ఇల్లెందుకు అంటుకుంటుంది? ట్రైలర్ ఇంటికి దూరంగా ఉంది.”

రేణు వాళ్ళది దూరంగా లేదు. గరాజ్ గోడకి ఆనుకుని ఉంది. గరాజ్ పైన ఇషా గది. మర్నాడు పొద్దున్నే రేణుకి ఫోన్ చేశాను. చెప్పేద్దామనే చేశాను.

“రేణూ, ఒకసారి ట్రైలర్ తలుపు తీసి చూడకూడదూ? చలి ఎక్కువగా ఉంది కదా, ఎలుకలూ అవీ...”

“మా ఇల్లు మీ ఇల్లు గాదు తల్లీ” అని నవ్వింది. “మా దగ్గర అసుంటివి రావు. నువ్వు టెన్షన్ వడకు.”

“సరే అయితే” అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలా హాయిగా అనిపించింది. వైర్లు గుర్తొచ్చాయి. మళ్ళీ హాయి పోయింది. ఆ నెలంతా అలాగే అటూ ఇటూ అయ్యాను. గుడిలో కనబడితే చెబుదామని వెళ్ళాను ఒకసారి. ప్రసాదాల బల్ల దగ్గర రేణు గరిటె చేతిలో పట్టుకుని “ఈ పులిహోర అవనిదా, ఛాయాదా?” అని ఎవరినో అడిగింది. నాదని చెప్పారు. గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టేసింది. నేనూ నోరు మూసుకుని ఇంటికి వచ్చేశాను.

ఫిబ్రవరి మూడో వారం, సోమవారం, హాసిని బస్సు దిగి మంచులో పరుగెత్తుకుంటూ వచ్చింది. పడతావే అని నేను అరుస్తూనే ఉన్నాను.

“అమ్మా! ఇషా నన్ను ఇన్వైట్ చేసింది! బర్త్‌డే స్లీపోవర్!”

“నిన్నా?”

“అవును! తనే అడిగింది, సారీ కూడా చెప్పింది. శనివారం. గెస్ వేర్. ట్రైలర్‌లో! స్నోలో క్యాంపింగ్! నీరజ్ అంకుల్ గ్యాస్ హీటర్ ఆన్ చేస్తారంట, ఫైవ్ గర్ల్స్, నాకు ఇషా పక్కన పైన బెడ్!”

నేను గడపలోనే కూర్చుండిపోయాను.

“అమ్మా? ఆర్ యూ హ్యాపీ ఆర్ నాట్?”

“హ్యాపీయే. తలుపు వెయ్యి, చలి వస్తోంది.”

ఆ మధ్యాహ్నం నుంచి నా కళ్ళకి ఐదుగురు పిల్లలు, మూసిన కిటికీలు, గ్యాస్ హీటర్, కొరికిన వైర్లు తప్ప ఇంకేం కనబడలేదు. పొగ వచ్చినా రాకపోయినా పెంటికల దుమ్ము కలిసిన ఆ గాలి చాలు. రేణు మీద కక్షతో నేను తెరిచిన కన్నానికి పైనే నా కూతురి తల ఉంటుంది. పంపనంటే? తొమ్మిది నెలల తర్వాత వచ్చిన పిలుపు అది. ఇంకోటి రాదు. నిజం చెబితే రేణు ఊరంతా చాటుతుంది, అప్పుడూ నలిగేది హాసినే.

“నీరజ్ శుక్రవారం హీటర్ వేసి చూస్తాడట” అన్నాడు శశికాంత్.

అంటే నాకు గురువారం దాకా టైమ్ ఉంది.

గురువారం పదింటికి వెళ్ళాను. డ్రైవ్‌వేలో రేణు కారు లేదు. ఆఫీస్‌కి వెళ్ళిందనుకున్నాను. ట్రైలర్ తాళం మూడు ఇళ్ళలోనూ ఉంటుంది. బకెట్, బ్లీచ్, మాస్క్, స్టీల్ పీచు, శశికాంత్ స్క్రూడ్రైవర్, ఆరు ఎలుకల ట్రాప్‌లు, వాటిలోకి స్టవ్ మీద కాల్చిన ఎండుకొబ్బరి ముక్కలు పట్టుకుని లోపలికి అడుగుపెట్టాను.

వాసన ముందు కొట్టింది. ఎలుక ఉచ్చ వాసన. స్పూన్ల సొరుగు నిండా పెంటికలు. సీటు దిండు లోపలి స్పాంజి తవ్వి గుహ చేశాయి. నేను కోరుకున్నదంతా జరిగింది. కళ్ళారా చూసి సంతోషించాల్సిన సమయంలో నేను హాసిని పడుకోబోయే పైన బెడ్ వైపు చూశాను.

కన్నం మూద్దామని వంగాను. అక్కడ నేల మీద పొట్టు ఉంది. చేతిలోకి తీసుకుని చూశాను. ఉలవ పొట్టు. పక్కన సగం కొరికిన బొబ్బర్ల గింజ. ఈ ట్రైలర్‌లోకి నేను ఎన్నడూ ఉలవలు తేలేదు. క్యాంపింగ్‌కి ఉలవలు ఎవరు తెస్తారు? ఆ పొట్టు వెంట వెళితే చక్రం మీదుండే చెక్క దగ్గర ఆగింది. వేసవిలో దాన్ని తీయబోతే నీరజ్ వద్దన్నాడు, లోపల వైర్లుంటాయని. మరలు నాలుగూ విప్పి చెక్క లాగాను.

మూడు ఎలుకలు నా మాస్క్ ముందు నుంచే దూకిపోయాయి. అరిచానో లేదో గుర్తు లేదు. లోపల ఎర్రగుడ్డ పీలికలతో గూడు. దాని పక్కన ఇంకో ఎర్రగుడ్డ మూట, మూల కొరికి ఉంది. విప్పితే పసుపు కొమ్ము, రూపాయి బిళ్ళ, గోధుమలు, వడ్లు, నువ్వులు, కొన్ని పెసలు. మిగిలినవన్నీ పొట్టు. నవధాన్యాలు. ఆ వెనక హీటర్‌కి వెళ్ళే వైరు. జానెడు మేర తొడుగు లేదు. రాగి తీగలు మిలమిలా మెరుస్తున్నాయి.

“ఛాయా? నువ్వేనా? లోపలేం జేస్తున్నవే?”

తలుపులో రేణు. మెడలో హెడ్‌ఫోన్లు, కాళ్ళకి నీరజ్ బూట్లు. కారు సర్వీసింగ్‌కి ఇచ్చి ఇంటి నుంచే పనిచేస్తోందట. గరాజ్ మీది కెమెరాలో నన్ను చూసి మీటింగ్ మధ్యలో లేచి వచ్చింది.

నేను మూట పైకెత్తి చూపించాను.

రేణు ముఖం పాలిపోయింది. “అది... అది ఎందుకు తీసినవ్? అది తియ్యొద్దు.”

“నీదేనా?”

“మా అత్తమ్మ చెప్పింది. కొత్త బండి గదా, దసరాకి పూజ జేసి, నవధాన్యాలు కట్టి, ఎవరి కంటా పడకుండ పెట్టమన్నది. ఎవరికీ చెప్పొద్దన్నది, చెప్తే ఫలం పోతదట.”

“ఫలం ఎక్కడికీ పోలేదు. తొమ్మిది రకాల్లో సగానికి పైగా ఎలుకలే తిన్నాయి.”

“ఏంది?”

“రెండు మూటలున్నాయి ఇక్కడ, పాతది గూడైపోయింది. పోయిన దసరాకి ఒకటి, ఈ దసరాకి ఒకటి. చలికాలం మొదలయ్యే ముందు ఏటా ఎలుకలకి విందు పెట్టి, చెక్క బిగించి పంపించావు. మొదటి మూట మా ఇంటికి పంపావు, రేణూ! మా ఇంటికి!”

ఆమె లోపలికి వచ్చి గూడు చూసింది. వైరు చూసింది. దిండు తీయబోయి, పెంటికలు చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది. నేను ఆమెను అలాగే చూస్తూ నిలబడ్డాను. మే నుంచి దాచుకున్న మాటలన్నీ నోటి చివరకి వచ్చాయి.

“ఎలుకల్ని సాకుతున్నవా అని అడిగావు కదా నన్ను. ఇప్పుడు చెప్పు, ఎవరు సాకారు? మా కిచెన్ చూడాలన్నావు. నా పిల్లని బస్‌లో మౌస్ హౌస్ అని పిలిచారు తెలుసా? నీ మూలాన అది శుక్రవారాలు హాల్లో ఒక్కతే పడుకుంది, తెలుసా?”

“నాకు తెల్వదు. పిల్లలు అట్ల అన్నరని నాకు తెల్వదు ఛాయా.”

“నీకు తెలుసు.”

రేణు తల దించుకుంది. తర్వాత మెల్లగా ఎత్తింది. చదువుకున్న మనిషి, ఆఫీస్‌లో తప్పులు పట్టడమే ఆమె ఉద్యోగం.

“కన్నాలు మొత్తం మూసినవ్ గదా నువ్వు. పదకొండు. మరి ఎలుకలు ఎట్ల లోపలికొచ్చినయి? ఇయ్యాల నువ్వు ట్రాప్‌లు పట్టుకుని ఎందుకొచ్చినవ్?”

బకెట్‌లోని బ్లీచ్ ఆవిరికి కళ్ళు మండుతున్నాయి. అబద్ధం ఒకటి దొరక్కపోదు. కానీ ఆ రాగి తీగలు చూశాక నాకు అబద్ధం నోట పలకలేదు.

“గ్యాస్ పైపు దగ్గరది నేనే తీశాను. నవంబరులో. నువ్వు టీ పెడుతుంటే.”

“నువ్వే?”

“నేనే.”

“పిల్లలు పండుకునే జాగా ఇది!”

“నవంబరులో ఎవరు పడుకుంటారని ఇందులో?”

“మా ఇల్లు ఉంది గదనే పక్కనే! పైన నా బిడ్డ పంటది!”

“అందుకే కదా జనవరిలో ఫోన్ చేశాను. మా ఇల్లు మీ ఇల్లు కాదు తల్లీ అన్నావు.”

ఎలుకలు తవ్విపోసిన ఆ దిండు మీదే రేణు కూలబడింది. పెంటికలున్నాయని కూడా చూసుకోలేదు. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొడితే తిరిగి కొట్టడానికి సిద్ధంగానే ఉన్నాను.

“నీరజ్ రేపు హీటర్ వేస్తుండె” అంది చివరికి.

“తెలుసు.”

“పార్టీ ఇంట్లనే పెడత. హాల్ల టెంట్లు ఏసుకుంటరు.”

“అది సరే. శనివారం అందరి ముందూ చెప్పాలి నువ్వు. ఎలుకలు మా ఇంటివి కావని, నీ మూటకి వచ్చాయని. అవని ముందు, వచ్చిన అమ్మలందరి ముందు, పిల్లల ముందు. వచ్చే శుక్రవారం ఇషాని మా ఇంటికి పడుకోడానికి పంపాలి.”

“చెప్త. మరి నీది నువ్వు చెప్పాలె. ఇద్దరం.”

“చెబుతాను” అన్నాను.

ఆ తర్వాత ఇద్దరం రెండు గంటలు పనిచేశాం. ఆమె చల్లింది, నేను తుడిచాను. మధ్యలో ఆమె ఆఫీస్ ఫోన్ మూడుసార్లు మోగింది, తీయలేదు. మాస్క్‌లో నుంచి ఒకే ఒక్క మాట అంది, “వాసన మస్తు ఉందే.” కన్నం మూసి, కొబ్బరి ముక్కలతో ట్రాప్‌లు నేనే పెట్టాను. శనివారం వచ్చేలోపు నాలుగు పడ్డాయి. ఒక్కోదాన్ని తోక పట్టుకుని సంచిలో వేస్తుంటే రేణు ముఖం పక్కకి తిప్పుకుంది. నేను తిప్పుకోలేదు. నా పిల్లని ఏడిపించినవాటిలో అవి కూడా ఉన్నాయి.

శనివారం సాయంత్రం ఐదింటికి రేణు వాళ్ళ హాలంతా టెంట్లు. పిల్లలు అప్పుడే ఒకదానిలోంచి ఒకదానిలోకి దూకుతున్నారు. నాతో, అవనితో కలిపి నలుగురు అమ్మలం వచ్చాం. ట్రైలర్‌లో కాకుండా లోపల ఎందుకు పెట్టారని అడిగింది అవని.

రేణు నా వైపు చూసింది. తర్వాత హాలు మధ్యకి వెళ్ళి, పిల్లల్ని కూడా ఆగమని, చెప్పింది. నేననుకున్నంత చిన్నగా చెప్పలేదు. అత్తగారి మాట, రెండు మూటలు, చెక్క వెనక గూడు, అన్నీ దాచకుండా చెప్పింది.

“పోయిన ఏడు ఎలుకలు ఛాయా వాళ్ళింటివి గావు. నేను గింజలు కట్టి పంపినందుకు వచ్చినయి. నేను నోటికొచ్చినట్టు అన్న. తప్పు నాది. హాసినీ, సారీ బేటా.”

“అయ్యో, మేమందరం ఛాయక్క ఇంటివనే అనుకున్నాం కదా!” అంది అవని. ఎవరో నవ్వారు. ఈసారి నవ్వు నా వైపు కాదు.

హాసిని టెంటు అంచు పట్టుకుని నిలబడి ఉంది. ఇషా దాని పక్కకి వచ్చి చెవిలో ఏదో అంది. హాసిని నవ్వింది. తొమ్మిది నెలలు బిగబట్టుకున్న భుజాలు ఒక్కసారి కిందకి దిగాయి. నాకు ఏడుపొచ్చింది కానీ ఆపుకున్నాను.

“ఛాయా కూడ ఒక మాట చెప్తది” అంది రేణు.

అందరూ నా వైపు తిరిగారు. హాసిని కూడా. ఆ మాట నాలుక మీదే ఉంది. చెబితే సోమవారం బస్‌లో నా పిల్లని ఏమంటారో కూడా తెలుసు. అందుకే చెప్పలేదని శశికాంత్‌తో తర్వాత అన్నాను. ఆ మాట నిజమే, పూర్తిగా నిజం కాదు. అంతమంది మధ్య ఒక్కతే నిలబడి, నేను నోరు తెరవాలని చూస్తున్న రేణు ముఖం చూస్తే నాకు బాగుంది. ఎంత బాగుందంటే, ఇంకాసేపు అలాగే నిలబెట్టాలనిపించింది.

“పిల్లలకి ఆకలేస్తోంది” అన్నాను. “కేక్ కోద్దాం.”

రేణు రెండు క్షణాలు నన్నే చూసింది. తర్వాత వెళ్ళి చాకు తెచ్చింది.

ఆమె తలచుకుంటే అప్పుడే చెప్పేయొచ్చు. ఆదివారం చెబుతుందనుకున్నాను. సోమవారం ఫోన్ మోగినప్పుడల్లా అవనే, తెలిసిపోయింది అనుకున్నాను. బుధవారానికి నాకు అన్నం సహించడం మానేసింది. ఎవరూ ఫోన్ చేయలేదు.

శుక్రవారం నాలుగింటికి, చెప్పిన మాట ప్రకారం, రేణు కారు మా ఇంటి ముందు ఆగింది. ఇషా దిండు చంకన పెట్టుకుని “హాయ్ ఛాయా ఆంటీ” అంటూ లోపలికి పరుగెత్తింది. ఇద్దరూ మెట్లెక్కి పైకి పోయారు. రేణు మాత్రం కారు దిగి గడప దగ్గరే నిలబడింది.

“లోపలికి రా” అన్నాను. “వచ్చి మొత్తం చూసుకో. నీ కూతురు పడుకునే ఇల్లు.”

“నాకు నమ్మకముంది.”

“నాకు లేదు. రా.”

వచ్చింది. సింకు కింద తలుపు తెరిచి టార్చ్ ఇచ్చాను. ఆమె వంగి చూసింది. ఫ్రిజ్ వెనక చూపించాను. బియ్యం డబ్బాలు ఒక్కొక్కటే దించి అడుగులు చూపించాను. పాంట్రీలో కింది అర చూడాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. కూర్చుంది. ఆఫీస్ ప్యాంటు మోకాళ్ళ దగ్గర నలిగింది. ఎక్కడా ఒక్క పొట్టు కూడా లేదు. ఉండదని నాకు తెలుసు, అయినా ప్రతి తలుపూ తెరిచేటప్పుడు నా గుండె ఆగి కొట్టుకుంది.

“మాట తప్పినవ్” అంది, మోకాళ్ళ మీది నుంచి లేవకుండానే.

“నువ్వు మే నుంచి ఎంతమందికి చెప్పావో గుర్తుందా?”

“ఉంది. అందుకే నేను చెప్పిన.” లేచి చేతులు దులుపుకుంది. “నీది నేను చెప్పను ఛాయా. నాకేం అవసరం? నువ్వే చెప్పాలె. ఎన్నేండ్లయినా సరే, నువ్వెప్పుడు చెప్తవా అని చూస్కుంట ఉంట.”

ఆమె మామూలుగానే అంది, కోపం కూడా లేదు. నాలాంటి మనిషికి అంతకంటే పెద్ద శిక్ష ఉండదని ఆమెకి తెలిసే అందేమో. ఇకనుంచి ప్రతి భోజనాలకీ, ప్రతి క్యాంపింగ్‌కీ, ఆమె నోరు తెరిచినప్పుడల్లా నా ఊపిరి ఆగుతుంది. పై గదిలో పిల్లలిద్దరూ దేనికో పడీ పడీ నవ్వుతున్నారు. హాసిని గొంతే పెద్దగా వినబడుతోంది.

నేను కిందకి దిగే మెట్ల తలుపు తీశాను.

“బేస్‌మెంట్ ఇంకా చూడలేదు నువ్వు” అన్నాను.

రేణు టార్చ్ తీసుకుని మెట్ల దగ్గరికి వచ్చింది. టార్చ్ మినుకు మినుకుమంటోంది, బ్యాటరీ అయిపోవచ్చింది. కింద అంతా చీకటి.

“ముందు నువ్వు దిగు” అన్నాను.

దిగింది. ఒకటి, రెండు, మూడు మెట్లు. లైటు స్విచ్ నా వైపు గోడకి ఉంది. కాసేపు ఆగి, అప్పుడు వేశాను.